తాబేలు ప్రవేశానుమతి గురించి

తిరుపతి,
29-4-2001.

మన ఇంటి సర్వాధికారిణి, ప్రియమైన యశోదకు,

విషయం: బడి పిల్లలకు కంప్యూటరు భాషను ఎంపిక చేయుట, తత్సంబంధ నివేదిక.

నీవు మీ అమ్మగారి విరిగిన కాలికి కట్టు కట్టించడానికి పుత్తూరు వెళ్లిన నాటి నుంచి ఈ గృహంలో పరిపాలన సజావుగా సాగుతున్నదని ముందుగా మనవి. అన్నం మాడుతున్న మాట నిజమే గాని, అడుగు మాత్రమే మాడుతున్నది. లోహిత పైభాగం తింటున్నది, నేను మిగతాది తింటున్నాను. అత్తగారు కట్టు కట్టేవారికే కట్టు ఎలా కట్టాలో చెబుతున్నారని మీ తమ్ముడు మునిప్రసాద్ వచ్చి చెప్పాడు. ఆమె కోలుకుంటున్నారనడానికి ఇంతకు మించిన వైద్య ధ్రువీకరణ అవసరం లేదు. అందరికీ నా కృతజ్ఞతలు తెలియజేయగలవు.

ఇక అసలు సంగతి. మన బడి అధ్యక్షులు ధనంజయగారు తమ పాత్రల అంగడి లాభాల్లోంచి బడికి ఆరు కంప్యూటర్లు దానం చేసిన సంగతి నీకు తెలుసు. ఈ వేసవి సెలవుల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు వాటి మీద ప్రోగ్రాములు రాయడం నేర్పాలని నిర్ణయమైంది. బోధించే బాధ్యత లెక్కల మాస్టరునైన నాకు అప్పగించారు. చేతిగడియారంలో కాలిక్యులేటరు ఉన్న ఏకైక ఉపాధ్యాయుడిని నేనే కావడం ఇందుకు కారణమని తరువాత తెలిసింది.

చిత్తూరులో నాలుగు రోజుల శిక్షణకు వెళ్లినప్పుడు అక్కడివారు నా చేతిలో ఒక ఫ్లాపీ పెట్టారు. అందులో ఉన్న భాష పేరు లోగో. చిన్న పిల్లల కోసమే తయారు చేసినది. తెర మీద ఒక చిన్న ముక్కోణం ఉంటుంది, దానిని తాబేలు అంటారు. ముందుకు ఇంత నడువు, కుడికి ఇంత తిరుగు అని మనం రాస్తే, అది నడుస్తూ తన వెనక గీత గీసుకుంటూ పోతుంది. అంతే. నిన్న శనివారం లోహితను బడికి వెంటబెట్టుకుని వెళ్లి, దాని ముందు కూర్చోబెట్టాను. మధ్యాహ్న భోజనం సంగతి ఆ పిల్లకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. చదరం గీయించింది. ఇల్లు గీయించబోయి పైకప్పును నేలలోకి దింపింది. "అయ్యో, ఎడమకు తిరగాల్సింది కుడికి తిరిగినాడు నాయనా వీడు!" అని తానే నవ్వి, తానే దిద్దుకుంది. సాయంత్రం తలుపులు మూస్తుంటే, "తాబేలుకు టాటా చెప్పి వస్తా ఉండు నాయనా" అని వెనక్కి పరుగెత్తింది.

ఆదివారం, అనగా ఈ రోజు, భాషను ఎంపిక చేసే సంఘం సమావేశమైంది. అధ్యక్షులు ధనంజయగారు, సభ్యులు సుబ్రమణ్యంగారు, సభ్య కార్యదర్శిని నేను. సుబ్రమణ్యంగారు తాలూకా ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైనవారని, రిటైరైన సంగతి ఆయనకు ఇంకా అధికారికంగా అందలేదని నీకు చెప్పనక్కర్లేదు. నేను లోగో గురించి విన్నవించి తాబేలు అన్నానో లేదో, అధ్యక్షులవారు చేతిలోని కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"హరినాథప్పా, తెలిసి తెలిసి తాబేలును లోపలికి పిలుస్తారా ఎవురైనా? నగరిలో మా మేనత్త ఇంట్లోకి ఒకపరి తాబేలు దూరినాది. ఆ వారంలోనే మగ్గం ఇరిగిపోయినాది."

"అది నిజం తాబేలు కాదండీ. తెర మీద చిన్న ముక్కోణం."

"ముక్కోణమైతే ముక్కోణమని పిలవాల్సింది. తాబేలని పేరు పెట్టినాక తాబేలే. కొత్తగా తెచ్చిన కంప్యూటర్లు. వద్దప్పా."

ఆ విధంగా లోగో తిరస్కరింపబడింది. తరువాత బేసిక్ అనే భాష పరిశీలనకు వచ్చింది. అది పక్క వీధి బడిలో ఇప్పటికే చెబుతున్నందున సుబ్రమణ్యంగారు అభ్యంతరం తెలిపారు. "వాళ్లు సెప్పేదే మనమూ సెప్తే, మనకీ వాళ్లకీ తేడా యాడుండాది?" ఆ తరువాత సి వచ్చింది. "ఒక్క అక్షరమా? ఎండాకాలమంతా పిలకాయలు ఒక అక్షరం నేర్చినారని అమ్మానాయనలకు ఎట్ల సెప్పేది?" అని అధ్యక్షులవారు ఆ భాషను కూడా పక్కన పెట్టారు.

చర్చ ముగిశాక అధ్యక్షులవారు బీరువాలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టారు. అంగడి క్యాలెండర్లతో పాటు గత డిసెంబరులోనే శివకాశిలో అచ్చయిన సర్టిఫికెట్లు అవి. బంగారు రంగు అంచు, ఎడమ వైపు వేంకటేశ్వరస్వామి, కుడి వైపు కంప్యూటరు, నడుమ పెద్ద అక్షరాలతో జావా. సంఘం సుదీర్ఘంగా చర్చించి, ఏ ఒత్తిడికీ లోనుకాకుండా, జావాను ఏకగ్రీవంగా ఎన్నుకున్నదని నేనే స్వహస్తాలతో తీర్మానం రాశాను. మంగళవారం నుంచి తరగతులు.

లోహితకు సంగతి చెప్పాను. "తాబేలు ఏం చేసింది నాయనా?" అని అడిగింది. అధ్యక్షులవారి మేనత్త మగ్గం గురించి చెప్పాను.

ఇట్లు,
మాడిన అన్నమే మహాప్రసాదంగా స్వీకరిస్తున్న నీ భర్త,
హరినాథ్.


తిరుపతి,
6-5-2001.

ప్రియమైన యశోదకు,

విషయం: చి. లోహితను కంప్యూటరు తరగతి నుంచి ఉపసంహరించుట గురించి.

నీ జాబు అందింది. నీవు పంపిన చింతకాయ పచ్చడి జాబు కన్నా ముందే అందింది. రెండింటికీ కృతజ్ఞుడిని, రెండవదానికి కొంచెం ఎక్కువ.

తరగతులు మొదలై వారం కావస్తున్నది. ఫలితాలు బయటివారి దృష్టిలో బ్రహ్మాండంగా ఉన్నాయి. జావాలో తెర మీద 'నమస్తే' అనే ఒక్క మాట కనిపించాలన్నా ముందుగా ఒక దండకం రాయాలి. అందులో 'పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్' అనే నాలుగు పదాలు తప్పనిసరి. వాటి వెనక 'స్ట్రింగ్ ఆర్గ్స్' అని మరొకటి. పెద్దక్షరం చోట చిన్నక్షరం పడినా, వరుస చివర సెమీకోలన్ మరచినా, యంత్రం ఇంగ్లీషులో మందలిస్తుంది. పిల్లలు ఆ దండకాన్ని ఎక్కాల మాదిరి బట్టీపట్టి ముక్తకంఠంతో అప్పజెబుతున్నారు. వరండాలో పోతున్న ధనంజయగారు ఆ ఘోష విని, కళ్లు మూసుకుని, రెండు నిమిషాలు నిలబడి వెళ్లారు.

సమస్య ఒక్కటే. అది మన పిల్ల.

"నాయనా, ఈ పబ్లిక్కు ఎందుకు రాయాల?" అని మొదటి రోజే లేచి నిలబడింది.

"రాయాలి."

"రాయకపోతే?"

"పని చేయదు."

"ఎందుకు చెయ్యదు?"

"అది తరువాత వస్తుంది."

"తరువాతంటే ఎప్పుడు?"

"పై తరగతిలో."

"ఆడ ఎవురు చెప్తారు?"

నేను బోర్డు తుడవడం మొదలుపెట్టాను. మరునాడు స్టాటిక్ గురించి అడిగింది. ఆ మరునాడు వాయిడ్. నాలుగో రోజుకు మిగతా పిల్లలు కూడా అడగడం మొదలుపెట్టారు. ప్రశ్న అంటువ్యాధి అని విద్యాశాఖవారు ఎక్కడా హెచ్చరించలేదు. క్రమశిక్షణ దృష్ట్యా నేను లోహితను చివరి వరుసలో గోడ పక్కనున్న కంప్యూటరు దగ్గరికి మార్చాను. ఆ యంత్రానికి సెమీకోలన్ మీట సరిగా నొక్కుకోదు. ఆ సంగతి నాకు తెలుసు.

అప్పటి నుంచి ఆ పిల్ల ఏమీ అడగడం లేదు. చేతులు ఒడిలో పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చుంటుంది. ఇంట్లో కూడా "ఊ" అంటుంది, "ఊహూ" అంటుంది. పన్నెండేళ్లలో మన ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎన్నడూ లేదు. నాకు నిద్ర పట్టడం లేదు.

ఇక నీకు తప్ప మరెవరికీ తెలియరాని భాగం. యశోదా, ఆ పదాలకు అర్థం నాకూ అంతుబట్టలేదు. చిత్తూరులో అడిగితే "అలవాటైపోతుంది మాస్టారూ" అన్నారు. లావుపాటి పుస్తకం ఒకటి కొన్నాను. అందులో పబ్లిక్ అర్థం తెలియాలంటే క్లాస్ అర్థం తెలియాలని రాసి ఉంది. క్లాస్ అర్థం వెతికితే ఆబ్జెక్ట్ చూడమన్నారు. అది చూస్తే తిరిగి క్లాస్ దగ్గరికే పంపారు. తాలూకా ఆఫీసులో కుల ధ్రువీకరణ పత్రం కోసం తిరిగినప్పుడు కూడా నేను ఇంత తిరగలేదు. ఇంతకాలం లెక్కలు చెప్పినవాడిని. బోర్డు మీద నేను వేసిన ప్రతి మెట్టూ ఎందుకు వేశానో నాకు తెలిసేది. ఇప్పుడు పిల్లలకు ఒక పాఠం ముందు మాత్రమే నడుస్తున్నాను. వెనక నుంచి మన పిల్ల నా పంచె పట్టుకుని లాగుతున్నది.

కనుక నిర్ణయం తీసుకున్నాను. శుక్రవారం నాడు మునిప్రసాద్ వెంట లోహితను పుత్తూరు పంపిస్తాను. అక్కడ నీకు సాయంగా ఉంటుంది. నిన్న మన ఇంటి వరండాలో మీ తమ్ముడితో, "ఆ పిల్లకు ఈ విద్య అబ్బదు" అని చెప్పాను.

"మన లోహితకా బావా?" అన్నాడు అతడు.

"అవును, మన లోహితకే" అన్నాను. ఆ మాట అంత సులభంగా ఎలా వచ్చిందో తెలియదు. నీవు కూడా నలుగురిలో అదే చెప్పగలవు.

అత్తగారి ఉత్తర్వు కూడా అందింది. లోహితకు మూడేళ్లప్పుడు అమ్మవారు పోస్తే, పన్నెండో ఏట గంగమ్మ జాతరలో పిల్లకు బండ వేషం వేయిస్తానని మొక్కుకున్నారట. మీ వంశంలో మొక్కుల విషయమై మగవారికి ముందస్తు సమాచారం ఇచ్చే ఆచారం లేదు గనుక నేను ఆక్షేపించను. గురువారం బండ వేషం. కుంకుమ నేనే తెస్తాను. ఆ రోజున వేషధారి ఎవరినైనా నోరారా తిట్టవచ్చునని, తిట్లు తిన్నవారికి అది అమ్మవారి దీవెన అని ఊరందరికీ తెలిసిందే. మన పిల్ల ఎవరిని తిడుతుంది పాపం? నోరు విప్పితే చాలు.

మొక్కు తీరిన మరునాడే బస్సెక్కిస్తాను. నా నిర్ణయాన్ని ప్రశ్నించకుండా ఆమోదిస్తావని ముందుగానే కృతజ్ఞతలు.

ఇట్లు,
నీ అవస్థాపన్నుడైన భర్త,
హరినాథ్.


తిరుపతి,
12-5-2001.

నా బంగారు తల్లి, మహారాజశ్రీ లోహితగారికి,

విషయం: తమరు నన్ను తిట్టిన తిట్లకు కృతజ్ఞతలు తెలియజేయుట గురించి.
సూచిక: గురువారం నాడు పాత్రల అంగడి ఎదుట తమరు మౌఖికంగా జారీ చేసిన తిట్లు.

అమ్మా, నిన్న బస్సు కిటికీలోంచి నీవు నా వైపు చూడలేదు. మీ మామ చూశాడు, చెయ్యి కూడా ఊపాడు. నీవు ఎదుటి సీటు వెనక రాసి ఉన్న అక్షరాలు చదువుతూ కూర్చున్నావు. కనుక ఈ జాబును అమ్మకు కాక నేరుగా నీకే రాస్తున్నాను. నేను అమ్మకు నీ గురించి రాసినవాటిని ఇందుమూలముగా ఉపసంహరించుకుంటున్నాను.

గురువారం నాటి సంఘటనను నీవు వేషంలో ఉండి సరిగా గమనించి ఉండవు గనుక, సాక్షిగా నేను నమోదు చేస్తున్నాను. మీ మామ నీకు ఎర్ర పంచె కట్టి, తలకు గుడ్డ చుట్టి, ఒళ్లంతా కుంకుమ పూసి, చేతికి వేపమండ ఇచ్చాడు. వీధిలో అందరూ అరుస్తున్నారు. నీవు మాత్రం తల దించుకుని నడిచావు. అంగడి ముందు పందిట్లో ధనంజయగారు, సుబ్రమణ్యంగారు, నేను మజ్జిగ పంచుతున్నాము. మీ మామ నిన్ను మా ఎదుట నిలబెట్టాడు.

"తిట్టు మే! తిట్టకుండా పోతే మొక్కు తీరదు. అవ్వ ఊరుకోదు. ఒక్క మాటైనా తిట్టు!"

"నాకు బూతులు రావు మామా" అన్నావు.

"నీకొచ్చినవే తిట్టు."

నీవు నా వైపు చూశావు. వారం రోజుల తరువాత నీవు నన్ను సూటిగా చూడడం అదే మొదటిసారి. నాకు లోపల ఎక్కడో సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

"ఒరే హరినాథా!" అన్నావు. మజ్జిగ గరిట నా చేతిలోనే ఆగిపోయింది. "పబ్లిక్కు మొగమోడా! స్టాటిక్కు నోరోడా! నీ వాయిడ్డులో మన్ను పొయ్య! నీ మెయిన్ మండిపోను! నీ స్ట్రింగు ఆర్గ్సు తెగిపోను! అడిగితే తరువాత తరువాత అంటావే, నీ తరువాత యాడుండాదిరా? నీకు తెల్దు! తెల్దని చెప్పేదానికి నీకు నోరు రాదు! సెమీకోలన్ లేని కంప్యూటరు కాడ నన్ను కూచోబెట్టి, నాకు బుర్ర లేదని మామకు చెప్తావా? నాకు తాబేలొచ్చురా! చదరం గీసినా! ఇల్లు గీసినా! తప్పు పోతే నేనే దిద్దుకున్నా! నువ్వూ సూసినావు కదరా నాయనా!"

చివర్లో నాయనా అన్నావు. అది తిట్టు కాదని మీ మామ వాదన. నాకు తగిలినంతవరకు అన్నింటికంటే పెద్ద తిట్టు అదే.

పూలమ్ముకునే గంగులమ్మ చెంపలు వాయించుకుంటూ ముందుకు వచ్చింది. "అమ్మ తల్లీ, ఎన్ని జాతర్లు సూసినా ఇట్లాంటి బూతులు యాడా ఇనలేదే! స్టాటిక్కంట! ఎంత మాటో!" అని, నా వైపు తిరిగి, "అదృష్టమంతుడివయ్యా సామీ, ఒక్కనివే అన్నీ తిన్నావు. మాకు కొంచెం మిగిల్చినావా?" అంది.

ధనంజయగారు పందిట్లోంచి కిందికి దిగి నీకు చేతులు జోడించిన సంగతి నీవు చూశావు. "తల్లీ, నాక్కూడా ఒక మాట" అన్నారు. దానికి నీవు, "ధనంజయా! చదువు పుట్టకముందే సర్టిఫికెట్టు అచ్చేసినోడా! తాబేలు నిన్నేం చేసిందిరా, దాన్ని తోలేసినావు?" అన్నావు. ఆయన చెంపలు వేసుకున్నారు. నేనూ, చిత్తూరు శిక్షణ పత్రాలూ కలిసి ఒప్పించలేని మనిషిని నీవు వేపమండతో ఒప్పించావు. ఈ రాష్ట్రంలో విద్యా సంస్కరణలు ఇకపై ఏ మార్గంలో జరగాలో ఆలోచించదగిన విషయం.

నిన్న మధ్యాహ్నం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులవారు ఉపవాసం ఉండి వచ్చారు. "హరినాథప్పా, అమ్మ నోటితో తాబేలని పలికినాది. ఇంక మనం అడ్డం సెప్పకూడదు. కానీ మా మేనత్త మగ్గం..." అని నసిగారు. అప్పుడు సుబ్రమణ్యంగారు కళ్లద్దాలు సవరించుకుని, "అయ్యా, కూర్మావతారం సంగతి తమరి దృష్టికి రాలేదా? ఏడుకొండలవాడి ఊళ్లో తాబేలును అడ్డుకునే అధికారం ఈ సంఘానికి యాడుండాది?" అన్నారు. అధ్యక్షులవారి ముఖం వికసించింది. లోగో భాషకు ప్రవేశానుమతి మంజూరైంది. జావా సర్టిఫికెట్లను పిల్లలు పెద్దవారైన తరువాత పంచడానికి బీరువాలో భద్రపరచాలని తీర్మానించాము.

ఈ ఉదయం తరగతిలో తాబేలును ప్రవేశపెట్టాను. ధనంజయగారు వచ్చి, తెరకు కొబ్బరికాయ కొట్టబోతుంటే ఆపి, గుమ్మానికి కొట్టించాను. ఆయన ముక్కోణాన్ని చాలాసేపు చూసి, "ఇదా? ఇది సమోసా కదప్పా" అన్నారు. దీనికా ఇంత భయపడ్డాను అన్నట్టు వెళ్లిపోయారు.

యంత్రం దగ్గరికి పోయే ముందు వరండాలో ఒక ప్రయోగం చేశాము. ఒక మనిషి తాబేలు కావాలి, పిల్లలు ఆజ్ఞలు ఇవ్వాలి అన్నాను. సుబ్రమణ్యంగారు కర్ర చంకన పెట్టుకుని తామే ముందుకు వచ్చారు. ఇంతటి తాబేలు ప్రపంచంలో మరెక్కడా దొరకదని నా నిశ్చితాభిప్రాయం. "ముందుకు నడువు" అన్నాడు ఒక పిల్లవాడు. ఆయన కదలలేదు. "ఎన్ని అడుగులు? ఉత్తర్వు అసంపూర్ణంగా ఉండాది" అన్నారు. "నాలుగు" అన్నాడు పిల్లవాడు. నాలుగు నడిచి నిలబడ్డారు. "తిరుగు" అన్నారు పిల్లలు. "ఏ వైపు? ఎంత మేరకు? రాతపూర్వకంగా తెలపాల" అన్నారు. ఇంకో పిల్ల "ముందుకు పది" అంటే, ఆరో అడుగులోనే గోడ వచ్చింది. మిగతా నాలుగు అడుగులు గోడను ఆనుకునే వేశారు. పిల్లలు నేల మీద పడి నవ్వారు. చెప్పింది మాత్రమే చేస్తుంది, చెప్పనిది చేయదు, తప్పు చెబితే తప్పే చేస్తుంది. కంప్యూటరు అంటే ఏమిటో నేను వారం రోజుల్లో చెప్పలేనిది తాలూకా ఆఫీసు పావుగంటలో చెప్పింది. ఆ తరువాత తెర ముందు కూర్చున్న పిల్లలెవరూ దేన్నీ బట్టీపట్టలేదు. తప్పు పోయినవారు ఒకరినొకరు పిలిచి మరీ చూపించుకున్నారు. నన్ను మందలించే యంత్రం లేక, నేను కూడా తొలిసారిగా కుర్చీలో ఆనుకుని కూర్చున్నాను.

గోడ పక్కనున్న కంప్యూటరు ఖాళీగా ఉంది. దాని సెమీకోలన్ మీటను బాగు చేయించాను. తాబేలుకు సెమీకోలన్ అవసరం లేదు. అయినా బాగు చేయించాను.

అమ్మా, నీవు అడిగిన పబ్లిక్, స్టాటిక్, వాయిడ్ అనే పదాల అర్థం విషయమై ఈ కార్యాలయం వద్ద సమాచారం లభ్యం కాలేదని తెలియజేయడమైనది. నీ ప్రశ్నల్లో దోషమేమీ కనిపించలేదు. నీ బుర్ర విషయమై మీ మామతో నేను అన్న మాట పూర్తిగా నిరాధారమైనది. నన్ను నలుగురిలో తిట్టినందుకు, తిట్టడానికి వేరే ఎవరినీ ఎంచుకోక నన్నే ఎంచుకున్నందుకు, నేను బతికున్నంతకాలం నీకు రుణపడి ఉంటాను. సోమవారమో మంగళవారమో మీ మామ వెంట రాగలవా? ఇది ఉత్తర్వు కాదు. అభ్యర్థన.

ఇట్లు,
తమ కటాక్షానికి పాత్రుడైన నాయన,
హరినాథ్.


పుత్తూరు,
14-5-2001.

నాయనకు లోహిత రాసేది,

విషయం: రావడం గురించి.

నీ జాబు అమ్మ చదివి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. నేను ఎందుకని అడిగితే పచ్చడిలో కారం అన్నాది. పచ్చడి మూత తియ్యనే లేదు.

అవ్వకు అంతా చదివి వినిపించినాను. అవ్వ, "మొక్కు బాగా తీరింది, మీ నాయనకు ఇంకో రెండు తగిలించాల్సింది" అన్నాది. కట్టు కట్టే ఆయన కూడా విన్నాడు. సుబ్రమణ్యం తాత గోడకు ఆనుకుని నడిచింది విని, కట్టు కట్టడం ఆపి నవ్వినాడు. అవ్వ ఆయన్ని తిట్టింది.

నువ్వు జాబులో "సమాచారం లభ్యం కాలేదు" అని రాసినావు. దానికి అర్థం ఏందని అమ్మను అడిగినాను. తెలియదు అని అర్థం అన్నాది. మరి అట్లనే రాయొచ్చు కదా. ఎందుకు అంత పెద్దగా రాసినావు? నాకు ఇంకా కోపం ఉండాది. మొత్తం లేదు, కొంచెం ఉండాది.

ఇంకో సంగతి. నేను ఇక్కడ అవ్వకు తాబేలు ఎట్ల నడుస్తుందో చెప్తా ఉంటే, ముందుకు వంద అని రాస్తాం అన్నాను. అవ్వ, "వంద ఏంది? వంద మూరలా?" అని అడిగింది. మామ సెంటీమీటర్లు అన్నాడు. అమ్మేమో, కాదు, అంత పెద్ద తెర యాడుంది అన్నాది. నేను ఆలోచించినాను. ఆ దినం చదరం గీసేటప్పుడు నాకు ఈ ప్రశ్న రానే లేదు. వంద అంటే వంద ఏంది నాయనా? దీనికి జవాబు రాసి పంపు. దాన్ని చూసి వచ్చేదీ రానిదీ చెప్తాను.

తరువాత చెప్తాను అని మాత్రం రాయొద్దు.

ఇట్లు,
లోహిత.


తిరుపతి,
16-5-2001.

లోహితా,

నాకు తెలియదు.

నీ జాబు అందిన వెంటనే సుబ్రమణ్యంగారిని అడిగాను, ఆయనకూ తెలియదు. పుస్తకంలో చూశాను, నాకు దొరకలేదు. తరగతిలో పిల్లలను అడిగాను. ఇంతవరకూ ఎవరికీ ఆ అనుమానం రాలేదట. ఇప్పుడు అందరికీ వచ్చింది, ఒక్కరూ నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

ఈ జాబు అందిన మరునాడు పొద్దున బస్సుకు రా. వచ్చేటప్పుడు అవ్వను అడిగి గుడ్డలు కొలిచే టేపు తీసుకురా. నువ్వు తాబేలును వంద నడిపించు. నేను తెర మీద టేపు పట్టుకుంటాను.

నాయన.